ఆరిన ఎరుపు

మైక్రోస్కోప్ గదికి కిటికీలు ఉండవు. తలుపు వేసి, నల్ల పరదా లాగి, కళ్లు చీకటికి అలవాటు పడేదాకా రెండు నిమిషాలు ఊరికే కూర్చోవాలి. ఆ రోజు నా ముందున్నది చుంచెలుక మెదడు నుంచి కోసిన పలుచని పొర. మందం 50 మైక్రోమీటర్లు, సన్నని తలవెంట్రుకంత. అందులో కొన్ని నాడీకణాలు ఎర్రగా వెలగాలి. కోసిన వారంలో చూసినప్పుడు వెలిగాయి కూడా. కణం నుంచి బయల్దేరిన పోగులు చింతకొమ్మల్లా చీలుకుంటూ ఎంత దూరం పోయాయో వేలు పెట్టి చూపించేంత స్పష్టంగా కనిపించాయి. మూడు నెలల తర్వాత అదే స్లైడ్ పెడితే బూడిదరంగు మసక, అందులో అక్కడక్కడా ఎర్రటి చుక్కలు. పోగులు లేవు. లేజర్ పెంచాను. ఉన్న కాస్త ఎరుపూ అర నిమిషంలో కళ్లముందే కరిగిపోయింది.

ల్యాబుల్లో దీన్ని ‘సిగ్నల్ పోయింది’ అంటారు. ఆ మాటలో సగమే నిజమని నాకు అర్థం కావడానికి చాలాకాలం పట్టింది. పోయింది వెలుగు. ఆ వెలుగునిచ్చిన ప్రొటీన్ ఎక్కడికీ పోలేదు. ఉన్న చోటే ఉంది, చాలావరకు ఉన్న ఆకారంలోనే ఉంది. నూనె అయిపోయి దీపం కొండెక్కితే ప్రమిద మాయమైపోదు కదా! చీకట్లో ఆ ప్రమిదను వెతికి పట్టుకుని దాని పక్కనే ఇంకో దీపం పెట్టగలిగితే పోయిన బొమ్మ మళ్లీ కనిపిస్తుంది. ఆ పని చేసే చిన్న ప్రొటీన్ ఒకటుంది. పేరు నానోబాడీ. అది ఒంటె రక్తంలో దొరికింది.

అక్కడికి వెళ్లేముందు వెలుగు సంగతి. ఫ్లోరసెన్స్ మనం రోజూ చూసేదే. బ్యాంకులో క్యాషియర్ ఐదువందల నోటును ఊదారంగు దీపం కింద పెడితే నంబరు మెరుస్తుంది చూడండి, అదే. నోటు మీది సిరా కంటికి కనపడని అతినీలలోహిత కాంతిని మింగి, కనపడే కాంతిని వదులుతుంది. మింగిన శక్తిలో కొంత వేడి కింద ఖర్చయిపోతుంది కనుక బయటికొచ్చే కాంతికి శక్తి తక్కువ, తరంగదైర్ఘ్యం ఎక్కువ. నీలాన్ని మింగినది పచ్చగా, పచ్చను మింగినది ఎర్రగా మెరవడానికి కారణం ఇదే. 1852లో కేంబ్రిడ్జ్ శాస్త్రవేత్త జార్జ్ గాబ్రియల్ స్టోక్స్ దీన్ని వివరించి, ఇలా మెరిసే ఫ్లోర్‌స్పార్ అనే రాయి పేరు మీద ఫ్లోరసెన్స్ అని పేరు పెట్టాడు. నల్లగొండ పల్లెల్లో పిల్లల ఎముకలు వంచిన ఫ్లోరైడ్‌కు పేరిచ్చింది కూడా ఆ రాయే. ఈ మాట వినగానే మనవాళ్లకు వెలుగుకన్నా ముందు ఆ బాధే గుర్తొస్తుంది. ఆ గుర్తు రావడంలో తప్పు లేదు. కానీ ఈ మెరుపుకూ ఆ జబ్బుకూ పేరు తప్ప వేరే చుట్టరికం లేదు.

జీవకణంలో ఏ ప్రొటీన్ ఎక్కడుందో చూడాలంటే దానికి ఒక దీపం తగిలించాలి. ఆ దీపం మొదట జెల్లీఫిష్ నుంచి వచ్చింది. 1962లో ఒసాము షిమొమురా ఒక జెల్లీఫిష్ నుంచి పచ్చగా మెరిసే ప్రొటీన్‌ను వేరు చేశాడు. 1994లో మార్టిన్ చాల్ఫీ దాని జన్యువును బ్యాక్టీరియాలోనూ, చిన్న పురుగులోనూ పెట్టి, అవి కూడా పచ్చగా వెలుగుతాయని చూపించాడు. ఇక జీవశాస్త్రం చూపే మారిపోయింది. మనకు కావలసిన ప్రొటీన్ జన్యువుకు ఈ జన్యువును తోకలా అంటిస్తే చాలు, కణం తానే దీపం వెలిగించుకుంటుంది. దీనికి రంగులద్దిన రోజర్ చెన్‌తో కలిపి ఈ ముగ్గురికీ 2008లో రసాయనశాస్త్ర నోబెల్ వచ్చింది.

జీఎఫ్‌పీ అనే ఈ పచ్చ ప్రొటీన్ కట్టడం చూసి తీరాలి. 238 అమైనో ఆమ్లాల గొలుసు మడతలు పడి ఒక పీపా ఆకారం తీసుకుంటుంది. చుట్టూ 11 బద్దలు, మన చెక్క పీపాకు ఉన్నట్టే. ఎత్తు 4 నానోమీటర్లు, అడ్డం రెండున్నర. ఆ పీపా నడుమ మూడు అమైనో ఆమ్లాలు తమలో తాము ముడిపడి ఒక ఉంగరంలా ఏర్పడతాయి. కాంతిని మింగి వదిలేది ఆ ఉంగరమే. దానికి క్రోమోఫోర్ అని పేరు. పీపా దాన్ని బయటి నీటి తాకిడి నుంచి కాపాడుతూ సరైన కోణంలో బిగించి పట్టుకుంటుంది. వెలిగేది ఒకటి, దాన్ని కాచేది ఒకటి. ఈ వ్యాసంలో తర్వాత చెప్పబోయేదంతా ఈ రెండింటి తేడా మీదే నిలబడి ఉంది.

పచ్చ ఒక్కటే ఉంటే సరిపోలేదు. ఒకే కణంలో రెండు ప్రొటీన్లను చూడాలంటే రెండు రంగులు కావాలి. అదీగాక జంతు కణజాలానికి తనకంటూ ఒక మసకైన పచ్చటి మెరుపు ఉంటుంది, అందులో పచ్చ దీపం కలిసిపోతుంది. ఇంకో కారణం మీ అరచేతిలోనే ఉంది. కరెంటు పోయిన రాత్రి ఫోన్ టార్చ్ మీద వేళ్లు మూసి చూడండి. తెల్లటి వెలుగు లోపలికి పోయి ఎర్రగా బయటికొస్తుంది. నీలం, పచ్చ రంగుల్ని రక్తంలోని హిమోగ్లోబిన్ మింగేస్తుంది, ఎరుపు మాత్రం మాంసం దాటి వస్తుంది. అంటే లోతుగా చూడాలంటే ఎరుపే దారి.

ఆ ఎరుపు 1999లో దొరికింది. మాస్కోలో మిఖాయిల్ మాట్జ్, సెర్గీ లుక్యనోవ్, వారి సహచరులు అక్వేరియంలో పెంచే పగడాల్లో వెతికారు. తమంతట తాము కాంతి పుట్టించని ఆ పగడాల్లో కూడా జీఎఫ్‌పీ చుట్టాలు ఉన్నాయని తేలింది. డిస్కోసోమా అనే పగడం నుంచి వచ్చిన ఎర్ర ప్రొటీన్‌కు డీఎస్‌రెడ్ అని పేరు పెట్టారు. దాంతో రెండు తలనొప్పులు వచ్చాయి. ఒకటి, అది నాలుగు కలిసి గుంపుగా తప్ప ఒంటరిగా ఉండదు. మనం ఏ ప్రొటీన్‌కు తోకగా కడితే దాన్ని కూడా గుంపులోకి లాగుతుంది. రెండు, ఎరుపెక్కడానికి దానికి రోజుకు పైగా పడుతుంది. శాన్ డియాగోలో చెన్ ల్యాబ్‌లో రాబర్ట్ క్యాంప్‌బెల్ బృందం 33 అమైనో ఆమ్లాలు మార్చి, 2002లో దాన్ని ఒంటరిగా బతికే ప్రొటీన్‌గా తయారుచేసింది. అదే ల్యాబ్ 2004లో ఆ వంశం నుంచి ఒక పండ్లబుట్టే తెచ్చింది. ఎంచెర్రీ, ఎంస్ట్రాబెర్రీ, ఎంఆరెంజ్, టీడీటొమాటో అని పండ్ల పేర్లే పెట్టారు. అందులో ఎంచెర్రీ ప్రపంచమంతా పాకింది. నేడు ఎర్రదీపం అంటే చాలా ల్యాబుల్లో ఎంచెర్రీయే. ఎలుక జాతులు, ఈస్ట్ జాతులు, వైరస్‌లు, ప్లాస్మిడ్‌లు దానితో వేల సంఖ్యలో తయారై ఉన్నాయి.

కానీ ఎంచెర్రీ వెలుగు తక్కువ. కాంతిని పట్టుకోవడంలో అది జీఎఫ్‌పీకి తీసిపోదు, నిజానికి కాస్త ఎక్కువే పడుతుంది. తిరిగి ఇవ్వడంలోనే ఉంది పిసినారితనం. 100 ఫోటాన్లు మింగితే 22 మాత్రమే కాంతిగా వదులుతుంది, మిగతావి వేడైపోతాయి. ల్యాబుల్లో వాడే మెరుగుపరచిన జీఎఫ్‌పీ 100కి 60 ఇస్తుంది. పట్టుకునే శక్తిని, ఇచ్చే శాతాన్ని గుణించి చూస్తే ఎంచెర్రీ ప్రకాశం ఆ జీఎఫ్‌పీలో సగమే. ఈ లోటు తెలిసే 2016లో ఆమ్‌స్టర్‌డామ్ శాస్త్రవేత్తలు ఎంస్కార్లెట్‌ను తయారుచేశారు. అది 100కి 70 ఇస్తుంది, చక్కని ప్రొటీన్. అయితే మీ ల్యాబ్‌లో ఉన్న ఎలుకల జాతి ఎంచెర్రీతో తయారైనదైతే, దాన్ని మార్చడానికి ఏళ్లు పడుతుంది. ఇప్పటికే కోసి పెట్టిన మెదడులోనైతే మార్చే ప్రశ్నే లేదు.

ఇక ఈ దీపం ఆరిపోయే దారులు ఎన్నో. మైక్రోస్కోప్ లేజర్ పడిన ప్రతిసారీ క్రోమోఫోర్ ఉద్రేకపడుతుంది, ఆ స్థితిలో ఎప్పుడో ఒకసారి ఆక్సిజన్‌తో కలబడి శాశ్వతంగా చెడిపోతుంది. నేను లేజర్ పెంచినప్పుడు జరిగింది అదే. కణజాలాన్ని కుళ్లకుండా ఉంచడానికి ఫార్మాల్డిహైడ్‌తో ఫిక్స్ చేస్తాం, అది కొంత వెలుగును తీసుకుంటుంది. ఆల్కహాల్, సేంద్రియ ద్రావకాలు నీటిని లాగేస్తాయి, క్రోమోఫోర్ చుట్టూ ఉండాల్సిన కొద్దిపాటి నీటి అణువులు పోతే దాని వెలుగూ పోతుంది. వారాలు గడిస్తే మిగతాది కాలం చూసుకుంటుంది. వీటన్నిటిలో తరచుగా దెబ్బతినేది లోపలి ఉంగరం. బయటి పీపా గట్టిది, చాలా దెబ్బలకు తట్టుకుంటుంది.

పీపాను పట్టుకోవాలంటే యాంటీబాడీ ఉంది కదా అనిపిస్తుంది. నిజమే, ఎర్ర ప్రొటీన్‌కు యాంటీబాడీలు ఎప్పటి నుంచో ఉన్నాయి. కుందేలులో తయారైన మొదటి యాంటీబాడీ ప్రొటీన్‌ను పట్టుకుంటుంది, డై తగిలించిన రెండో యాంటీబాడీ మొదటిదాన్ని పట్టుకుంటుంది. చిక్కల్లా పరిమాణంతోనే. మామూలు యాంటీబాడీ బరువు 1,50,000 డాల్టన్లు. రెండు గొలుసులు బరువైనవి, రెండు తేలికైనవి, నాలుగూ కలిసి ‘వై’ అక్షరం ఆకారంలో ఉంటాయి. ఇంత పెద్దది మందపాటి కణజాలంలోకి దిగాలంటే రోజులు పడుతుంది, లోపలిదాకా చేరకుండానే పైపొరల్లో చిక్కుకుపోతుంది. అదీగాక ఒకదాని మీద ఒకటి రెండు యాంటీబాడీలు నిలబడితే, కొసన ఉన్న డై అసలు ప్రొటీన్‌కు 20 నానోమీటర్లకు పైగా దూరం జరిగిపోతుంది. మామూలు మైక్రోస్కోప్‌లో ఇది తెలియదు, అక్కడ 200 నానోమీటర్లలోపు రెండు చుక్కలు ఎలాగూ ఒకటిగానే కనిపిస్తాయి. 2014 నోబెల్ అందుకున్న సూపర్ రిజల్యూషన్ పద్ధతులు పదుల నానోమీటర్ల తేడా పట్టుకుంటాయి. అక్కడ 20 నానోమీటర్లంటే ఇంటి గుర్తు పొరుగింటి గుమ్మానికి కట్టినట్టు.

ఇప్పుడు ఒంటె. 1980ల చివర్లో బ్రస్సెల్స్‌లోని వ్రై విశ్వవిద్యాలయంలో రేమండ్ హామర్స్ దగ్గర చదివే విద్యార్థులకు రక్తం నుంచి యాంటీబాడీలు వేరుచేసే ప్రాక్టికల్ ఉండేది. ఎయిడ్స్ భయం నడుస్తున్న రోజులవి. మనిషి రక్తం ముట్టుకోవడానికి వాళ్లు ఇష్టపడలేదు, దీనికోసం ఎలుకను చంపడమూ నచ్చలేదు. నిద్రజబ్బు పరిశోధన కోసం దాచిన ఒంటె రక్తం ఫ్రీజర్‌లో ఉంటే హామర్స్ అది ఇచ్చారు. యాంటీబాడీలను విడదీసి చూస్తే, తెలిసిన బరువు దగ్గర ఒక పట్టీ వచ్చింది. దాంతోపాటు రాకూడని చోట తేలికైన పట్టీలు కూడా కనిపించాయి. ఏదో కలుషితమైందని పారబోసి ఉంటే కథ అక్కడితో ముగిసేది. వాళ్లు పారబోయలేదు. 1993లో ‘నేచర్’ పత్రికలో తేల్చి చెప్పారు: ఒంటెలో తేలిక గొలుసులు అసలే లేని యాంటీబాడీలు ఉన్నాయి.

ఇది ఎందుకంత ముఖ్యమో చెప్తాను. మామూలు యాంటీబాడీలో పట్టు అనేది బరువు గొలుసు కొస, తేలిక గొలుసు కొస రెండూ కలిసి పట్టుకునే జంట పని, పట్టకారు రెండు కాళ్లలా. ఒక కాలు విరిగితే పట్టు పోతుంది. ఒంటె యాంటీబాడీలో ఒంటరి కొసే మొత్తం పట్టు పట్టగలదు. అంటే ఆ కొసను మాత్రమే కత్తిరించి తీసుకోవచ్చన్న మాట. అదే నానోబాడీ. బరువు 15,000 డాల్టన్లు, యాంటీబాడీలో పదో వంతు. పొడవు 4 నానోమీటర్లు, అడ్డం రెండున్నర, అంటే సుమారుగా ఎర్ర ప్రొటీన్ పీపా అంతే. నీటిలో చక్కగా కరుగుతుంది, వేడికి తట్టుకుంటుంది. 120కి కాస్త అటుఇటుగా అమైనో ఆమ్లాలున్న ఒకే గొలుసు కనుక బ్యాక్టీరియా దాన్ని సులువుగా తయారుచేస్తుంది. లామాలు, అల్పాకాలు కూడా ఒంటె కుటుంబమే కనుక వాటిలోనూ ఇవి ఉన్నాయి.

ఎర్ర ప్రొటీన్‌కు నానోబాడీ ఎలా వచ్చిందో ఒక ఉదాహరణ చూద్దాం. న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో మైకేల్ రౌట్, బ్రయన్ చెయిట్ బృందం లామాలకు శుద్ధి చేసిన ఎంచెర్రీని టీకాలా ఎక్కించింది. లామా శరీరానికి అది పరాయి ప్రొటీన్, దాన్ని పట్టుకునే యాంటీబాడీలు తయారుచేసుకుంది. జంతువు నుంచి కొంత రక్తం తీసి, అందులో ఎంచెర్రీని గట్టిగా పట్టుకున్న కొసలను వేరుచేసి, వాటి వరుసను చదివి, ఆ జన్యువులను బ్యాక్టీరియాకు ఇచ్చారు. 2014లో ప్రచురించిన ఆ నానోబాడీల్లో కొన్ని ఎంచెర్రీని పట్టుకుంటే దాదాపు వదలవు. జన్యువు వరుస ఒకసారి చేతికొచ్చాక మళ్లీ లామా దగ్గరికి వెళ్లే పనిలేదు, బ్యాక్టీరియా ఉన్న గాజు ఫ్లాస్క్ చాలు. మ్యూనిక్ విశ్వవిద్యాలయంలో ఉల్రిష్ రోట్‌బావర్, హైన్రిష్ లియోన్‌హార్ట్ 2006లోనే నానోబాడీలతో కణాల్లో ప్రొటీన్లను వెలిగించి చూపారు. ఆ పని నుంచి పుట్టిన క్రోమోటెక్ అనే కంపెనీ డై తగిలించిన నానోబాడీలను ‘బూస్టర్’ పేరుతో అమ్మింది. ల్యాబుల్లో ఇప్పుడు అందరి నోటా బూస్టర్ అన్న మాటే.

ఆ డై సంగతికొద్దాం. నానోబాడీ తనంతట తాను వెలగదు. కాంతినిచ్చేది దానికి రసాయనికంగా అతికించిన చిన్న డై అణువు. ఎర్ర ప్రొటీన్‌కు తరచు వాడేది అట్టో 594. ఇది కూడా ఎర్రగానే మెరుస్తుంది, అందుకే మైక్రోస్కోప్‌లో ఫిల్టర్లు మార్చక్కర్లేదు. 100 ఫోటాన్లకు 85 తిరిగి ఇస్తుంది. కాంతిని పట్టుకోవడంలోనూ ఎంచెర్రీ కన్నా బాగా ఎక్కువ. రెండూ గుణిస్తే ఒక్క డై అణువు ప్రకాశం ఎంచెర్రీకి ఆరు రెట్లకు పైనే. పైగా మనిషి తయారుచేసిన అణువు కనుక ఆల్కహాల్‌కూ, ద్రావకాలకూ జడవదు, లేజర్ కింద ఎక్కువసేపు నిలుస్తుంది. ఒక నానోబాడీ మీద ఒకటి, రెండు డైలు పెట్టవచ్చు.

నా మెదడు పొరల్లో సగమే స్లైడ్ల మీదకు ఎక్కించాను. మిగతావి ఉప్పుద్రావణంలో, బూజు పట్టకుండా కాస్త సోడియం అజైడ్ కలిపి ఫ్రిజ్‌లో పెట్టాను. సెక్షన్లు పారేయకూడదని మాకు నేర్పిన పెద్దాయనకు ఇప్పటికీ మనసులో దణ్ణం పెట్టుకుంటాను. పొరలను ఎత్తడానికి వాడేది పిల్లలు రంగులు వేసే సన్న కుంచెనే. చిమటా పెడితే చిరిగిపోతాయి. కుంచెతో మెల్లగా లేవదీసి, 24 గుంటలున్న ప్లాస్టిక్ పళ్లెంలో ఒక్కో గుంటలో ఒక్కో పొర వేయాలి. తడి గుడ్డముక్కలా మడత పడి తేలుతుంది, గుంట నిండా ద్రావణం ఉంటే తానే విప్పుకుంటుంది. ముందు డిటర్జెంట్‌తో కణపొరలకు చిల్లులు పెట్టాలి, లేకపోతే నానోబాడీ లోపలికి పోదు. తర్వాత వేరే ప్రొటీన్ ద్రావణంలో నానబెట్టాలి. అతుక్కునే ఖాళీ చోట్లన్నీ అదే ఆక్రమించుకుంటే బూస్టర్ అక్కడ అనవసరంగా అంటుకోదు. ఆ తర్వాతే బూస్టర్, ద్రావణానికి 200కు 1 వంతు. గాజు పలకల మీది విడికణాలకైతే గంట చాలు. నావి మందపాటివి కనుక రాత్రంతా, అల్యూమినియం రేకు చుట్టి, చల్లగా, ఊయలలా ఊగే పరికరం మీద. పొద్దున మూడుసార్లు కడగాలి. ఈ కడగడంలో తొందరపడితే మిగిలిన డై అంతా మసకగా కనిపిస్తుంది.

ఆ రాత్రి పళ్లెంలో ఇంకో పొర కూడా ఉంది. ఎంచెర్రీ లేని మామూలు ఎలుకది. దానికీ అదే డిటర్జెంట్, అదే బూస్టర్, అన్నేసి కడుగుళ్లు. ఎందుకంటే డై అణువుల్లో కొన్నిటికి కొవ్వుపొరలకు అతుక్కునే గుణం ఉంటుంది. ఎర్రదీపం లేని పొర కూడా ఎర్రగా వెలిగితే, నేను చూసేది కణం కాదు, జిగురు. కంట్రోల్ లేని బొమ్మ ఎంత అందంగా ఉన్నా నమ్మకూడదని నా గట్టి అభిప్రాయం.

ఇలా పొరలను వెలిగించడం దగ్గరే ఆగి ఉంటే ఇది మంచి చిట్కా అయి ఉండేది. మ్యూనిక్‌లో అలీ ఎర్‌టుర్క్ బృందం దీన్ని ఎలుక మొత్తానికి చేసి చూపింది. శరీరాన్ని కోయకుండా లోపల చూడాలంటే ముందు దాన్ని పారదర్శకం చేయాలి. మిరపకాయ బజ్జీల పొట్లం నూనె పీల్చుకున్నాక కాగితం అవతలి అక్షరాలు కనపడతాయి కదా. కాగితం పోగుల మధ్య గాలి ఉన్నంతసేపు కాంతి చెదిరిపోతుంది, ఆ ఖాళీలో నూనె చేరాక పోగుకూ నూనెకూ కాంతిని వంచే గుణం దాదాపు ఒకటే కనుక కాంతి నేరుగా దాటిపోతుంది. ఎలుక శరీరంలోనూ అంతే. నీటిని, కొవ్వును ద్రావకాలతో లాగేసి, వాటి స్థానంలో కణజాలానికి సరిపోయే ద్రవం నింపితే గాజుబొమ్మలా అవుతుంది. ఇక్కడే చిక్కు. నీటిని లాగే ఆ ద్రావకాలే ఎర్రదీపాల్ని, పచ్చదీపాల్ని ఆర్పేస్తాయి. శరీరం పారదర్శకమైంది, చూడాల్సింది మాత్రం చీకటైంది.

వాళ్లు చేసిందేమిటంటే, పారదర్శకం చేయడానికి ముందే శరీరమంతా నానోబాడీని పంపారు. రక్తనాళాల గుండా, మామూలు కన్నా ఎక్కువ పీడనంతో, రోజుల తరబడి పంపు చేశారు. యాంటీబాడీలో పదో వంతు కనుకనే అది ఎముక మజ్జ దాకా దిగగలిగింది. డైగా దూరపు ఎరుపులో మెరిసే అట్టో 647ఎన్ లాంటివి ఎంచుకున్నారు. టార్చ్ మీద వేళ్లు మూసినప్పుడు చూసిన సంగతే ఇక్కడా పనిచేసింది, ఆ రంగులో కణజాలం సొంత మెరుపు తక్కువ, కాంతి దూరం వస్తుంది. వీడిస్కో అని పేరు పెట్టిన ఈ పద్ధతిని 2019లో ప్రకటించారు. సిగ్నల్ 100 రెట్ల వరకు పెరిగిందని అందులో చూపారు. ఎలుక తల నుంచి కాళ్ల కొస దాకా నాడుల అల్లిక కనిపించింది. కపాలం మజ్జకూ, మెదడు పైపొరలకూ మధ్య ఉన్న సన్నని దారులు కూడా బయటపడ్డాయి.

నన్ను ఎక్కువగా కదిలించింది అదే ఏడాది ‘సెల్’ పత్రికలో వచ్చిన వాళ్ల రెండో పని. అందులో ఉన్నది మన ఎర్రదీపమే. మనిషి రొమ్ము క్యాన్సర్ కణాలకు ఎంచెర్రీ తగిలించి ఎలుకలకు ఎక్కించారు. ఆ కణాలు శరీరంలో చెదిరి ఎక్కడెక్కడ స్థిరపడ్డాయో చూడాలి. అంతవరకూ వాడే పద్ధతుల్లో పెద్ద కణితులే కనిపించేవి. ఎంచెర్రీ పీపాను పట్టుకునే నానోబాడీతో వెలిగించి, ఎలుకను పారదర్శకం చేసి, చిత్రాల్లో చుక్కలను వెతికే పని కంప్యూటర్ ప్రోగ్రామ్‌కు నేర్పారు. ఊపిరితిత్తుల్లో, కాలేయంలో, ఇంకా ఎక్కడెక్కడో ఒంటరి కణం ఉన్నా కనిపించింది. ఆ ఎలుకలకు క్యాన్సర్ కణాలను వెతికి పట్టుకునే ఒక చికిత్సా యాంటీబాడీని కూడా వేరే రంగు డైతో ఇచ్చి చూశారు. చెదిరిన కణితుల్లో 23 శాతం దాకా ఆ మందు చేరనే లేదు. కీమో అయిపోయాక డాక్టరు ‘అంతా పోయింది’ అన్న తర్వాత జబ్బు తిరగబెట్టిన ఇళ్లు మనకు తెలిసినవే ఎన్నో ఉన్నాయి. మందు ఎక్కడ తప్పిపోతోందో ఒక్కో కణం లెక్కన చూడగలగడం, ఎలుకలోనైనా సరే, చిన్న విషయం కాదు.

దీని హద్దులు కూడా చెప్పాలి. బూస్టర్ బతికున్న కణంలోకి బయటి నుంచి పోదు, చిల్లులు పెట్టాలి, అంటే కణం అప్పటికే చచ్చి ఫిక్స్ అయి ఉండాలి. నానోబాడీ పట్టుకునేది మడత పడిన ఆకారాన్ని కనుక, ఆ పీపాయే కూలిపోయిన చోట, ఉదాహరణకు బాగా ఉడికించిన పారఫిన్ ముక్కల్లో, అది విఫలం కావచ్చు. ఎరుపన్నదల్లా ఒకటి కాదు. డీఎస్‌రెడ్ పగడం నుంచి వచ్చిన ఎంచెర్రీని పట్టే నానోబాడీ, సముద్రపు ఎనిమోన్ నుంచి వచ్చిన ట్యాగ్‌ఆర్‌ఎఫ్‌పీని పడుతుందన్న భరోసా లేదు. రంగు చూసి కాదు, వంశం చూసి కొనుక్కోవాలి. ఇంకో సూక్ష్మం ఉంది. మడత పడి కూడా ఇంకా ఎరుపెక్కని కొత్త ప్రొటీన్లను, అంటే ఒక్కసారైనా వెలగని ప్రమిదలను కూడా నానోబాడీ పట్టుకుంటుంది. ముందు కనిపించని చోట బూస్టర్ తర్వాత వెలుగు కనిపిస్తే అది తప్పే కావాలని లేదు. దూరపు ఎరుపు డై వాడితే ఒక సౌకర్యం: మిగిలి ఉన్న కాస్త ఎంచెర్రీ ఎరుపునూ, డై వెలుగునూ విడివిడిగా చూసి, ఒకదాని మీద ఒకటి పడుతున్నాయో లేదో సరిచూసుకోవచ్చు.

మర్నాడు గదిలో ముందు పెట్టింది ఎంచెర్రీ లేని పొర. అదే లేజర్, అంతే తీవ్రత. తెర మీద చీకటి. ఫోకస్ తప్పిందేమోనని మొదట అనుమానం, నీలం రంగు అద్దిన కేంద్రకాలు చూస్తే అన్నీ చక్కగానే ఉన్నాయి. చీకటి నిజమైన చీకటే. అప్పుడు రెండో స్లైడ్ పెట్టాను. కణం గుండ్రంగా, దాన్నుంచి ఒక పోగు, అది రెండై, రెండు నాలుగై, ఆ కొమ్మల మీద ఆవగింజ కన్నా ఎన్నో వేల రెట్లు చిన్నవైన మొటిమలు. మూడు నెలల క్రితం నోట్‌బుక్‌లో పెన్సిల్‌తో గీసుకున్న బొమ్మ తీసి పక్కన పెట్టి, కొమ్మలు లెక్కపెట్టడం మొదలుపెట్టాను.